బొగ్గులా, పెల్లెట్లా? పెరటి స్మోకర్‌పై పాఠకుల ప్రశ్నలు

వేసవి మొదలు కాగానే అమెరికాలోని మన పాఠకుల నుంచి పెరటి వంటల గురించిన ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈ నెల వాటిలో స్మోకర్లకు, అంటే సన్నసెగ మీద కర్రపొగ పట్టిస్తూ వండే మూత పొయ్యిలకు, సంబంధించిన వాటినే ఎంచుకున్నాము. ఉష్ణోగ్రతలన్నీ అక్కడి పొయ్యిల మీద కనిపించే ఫారెన్‌హీట్ డిగ్రీలలోనే ఇస్తున్నాము.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇటీవలే సొంత ఇంటిలో చేరాము. పెరడు విశాలంగా ఉంది. నెలకు ఒకటి రెండుసార్లు నాలుగు కుటుంబాలవారం, అంటే పదిహేను మందిదాకా, కలిసి భోజనం చేస్తాము. మావారు పెల్లెట్ స్మోకర్ కొందామంటున్నారు. మా మరిది మాత్రం బొగ్గుల మీద వండితేనే రుచి అని పట్టుబడుతున్నాడు. మా వంట కోడి, మేక మాంసం, మొక్కజొన్న, వంకాయ. బీఫ్, పోర్క్ తినము. ఏది కొనమంటారు?
ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: ఉత్తరం చివర మాటవరసకు చేర్చినట్టున్న 'బీఫ్, పోర్క్ తినము' అన్న వాక్యమే నా జవాబుకు ఆధారం. స్మోకర్ల గురించి టెక్సస్‌లో ఎవరిని అడిగినా వారు చెప్పే సలహా చాలావరకు బ్రిస్కెట్‌ను, అంటే పశువు రొమ్ము భాగపు మాంసాన్ని, మనసులో పెట్టుకుని చెప్పేదే అయి ఉంటుంది. పది పన్నెండు పౌండ్ల బరువుండే ఆ ముక్కను 225 నుంచి 250 డిగ్రీల సన్నసెగ మీద పది పన్నెండు గంటలు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువసేపు ఉంచాలి. మాంసం లోపలి వేడి 150 డిగ్రీలు దాటిన తరువాత గంటల తరబడి థర్మామీటరులో కదలిక ఉండదు. మట్టికుండ చెమర్చి లోపలి నీటిని చల్లబరచినట్టే, మాంసం పైకి ఊరిన తడి ఆవిరవుతూ పొయ్యి ఇచ్చే వేడినంతా హరించివేస్తుంది. చివరకు 200 డిగ్రీల దరిదాపులకు చేరితే తప్ప కండను పట్టి ఉంచే కొల్లాజెన్ పూర్తిగా కరిగి ముక్క మెత్తబడదు. ఇటువంటి వంటకు రాత్రంతా నిప్పును కనిపెట్టుకుని ఉండాలి కాబట్టే ఆ కాపలా తప్పించే పెల్లెట్ స్మోకర్‌కు అంత గిరాకీ వచ్చింది. మీరు వండే కోడికాళ్లు గంటన్నర పని, మేక తొడ నాలుగైదు గంటల పని. వీటి కోసం ఎవరూ నిద్ర మానుకోనక్కరలేదు.

పెల్లెట్ స్మోకర్ పొయ్యి రూపంలో ఉన్న ఒక చిన్న యంత్రం. రంపపు పొట్టును గట్టిగా నొక్కి పావు అంగుళం మందాన చేసిన గుళికలే పెల్లెట్లు. కర్రలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడి జిగురులా పట్టి ఉంచుతుంది. పక్కనున్న తొట్టిలో వీటిని పోస్తే, మరచుట్టు ఉన్న ఇనుప కడ్డీ ఒకటి తిరుగుతూ కొద్దికొద్దిగా అడుగునున్న నిప్పుగిన్నెలోకి తోస్తుంది. కరెంటుతో ఎర్రబడే మరొక కడ్డీ వాటిని అంటిస్తుంది, ఫ్యాన్ గాలి అందిస్తుంది, వేడి తగ్గినా పెరిగినా కంట్రోలర్ గ్రహించి గుళికల రాకను సరిచేస్తుంది. ఆరెగాన్ రాష్ట్రంలో ఇళ్లకు వెచ్చదనం కల్పించే పరికరాల వ్యాపారంలో ఉన్న జో ట్రేగర్ దీనిని రూపొందించి 1986లో పేటెంటు పొందారు. 2006లో ఆ పేటెంటు గడువు తీరిన తరువాత ఇతర కంపెనీలు రంగంలోకి దిగి నేటి పోటీ ఏర్పడింది. మీవారికి నచ్చినది ఏమిటో నేను ఊహించగలను. డయల్ 250 దగ్గర పెట్టి, ఫోనులో వేడి చూసుకుంటూ, వచ్చినవారితో కూర్చుని మాట్లాడవచ్చు. అది చిన్న సుఖమేమీ కాదు.

ఆ సుఖానికి చెల్లించే మూల్యం పొగలో కనిపిస్తుంది. మన పల్లెల్లో పాలు కాచే దాలిని చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. దాలిలో పిడకలు మండవు, గాలి చాలక లోలోపల రాజుకుంటూ ఉంటాయి, అందుకే ఆ పాల మీగడకు పొగవాసన పడుతుంది. అవే పిడకలను విసనకర్రతో విసిరి మండిస్తే పాలు పొంగుతాయే కాని ఆ కమ్మదనం రాదు. పెల్లెట్ స్మోకర్‌లో ఫ్యాన్ చేసే పని ఆ విసనకర్ర పనే. గుళికలు దాదాపు పూర్తిగా కాలిపోతాయి కాబట్టి పొగ పలుచగా, శుభ్రంగా ఉంటుంది, రుచి కూడా అంతే తేలికగా ఉంటుంది. బొగ్గుల పద్ధతిలోనూ పొగవాసన ప్రధానంగా బొగ్గు నుంచి రాదన్నది చాలామంది గమనించని సంగతి. కర్రను బొగ్గుగా మార్చినప్పుడే అందులోని వాసన పదార్థాలు చాలావరకు పోతాయి. నిప్పుల మీద అక్కడక్కడ ఉంచే పిడికెడంత ఓక్, హికరీ, పీకన్ లేదా యాపిల్ కర్రముక్కలు నెమ్మదిగా కాలి ఆ రుచినిస్తాయి. పొగ నీలిఛాయతో, కనిపించీ కనిపించనట్టుగా ఉండాలి. తెల్లగా దట్టంగా వస్తుంటే మాంసం చేదెక్కుతుంది, అప్పుడు గాలి పెంచాలి.

బొగ్గుల పొయ్యిలో మొదటి నాలుగైదు వంటలు మిమ్మల్ని విసిగిస్తాయని ముందే చెప్పడం మంచిది. అడుగున ఉన్న కంతలు తెరిస్తే వేడి పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది, కాని ఆ మార్పు కనిపించడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. కొత్తవారు ఆగలేక మళ్లీ మళ్లీ తిప్పి నిప్పును పాడుచేసుకుంటారు. దీనికి మినియన్ పద్ధతి అనే సులువైన ఉపాయం ఉంది. అంటించని బొగ్గులను పొయ్యిలో నింపి, చిమ్నీ అనే రేకు గొట్టంలో విడిగా రాజేసిన పది పన్నెండు బొగ్గులను వాటి పైన పోయాలి. నిప్పు పైనుంచి కిందికి నిదానంగా పాకుతూ ఆరేడు గంటలు ఒకే సెగ ఇస్తుంది. బొగ్గులు అంటించడానికి అమ్మే ద్రవాన్ని మాత్రం దగ్గరకు రానివ్వకండి. మొదటి ఏడాది నేను ఆ ద్రవాన్ని ధారాళంగా పోసి, బొగ్గు పూర్తిగా తెల్లబారకముందే కోడిని పెట్టాను. ఆనాడు మా ఇంటికి వచ్చినవారు మర్యాదస్తులు కాబట్టి పెరుగన్నంతో కడుపు నింపుకుని వెళ్లారు.

ఇక మీ వంటకాల సంగతి. కోడికి 225 డిగ్రీల సెగ పనికిరాదు, తోలు సాగి రబ్బరులా అవుతుంది. 300 డిగ్రీలకు పైన ఉంచి, చివర ఐదు నిమిషాలు నేరుగా నిప్పుల మీద తిప్పితే అంచులు కాలి రుచి వస్తుంది. మన ఇళ్లలో తోలు తీసేసి పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి వండుతారు కాబట్టి ఎండిపోయే భయమూ ఉంది, అందువల్ల కూడా త్వరగా తెమిలే సెగే మేలు. లోపల 165 డిగ్రీలు తప్పనిసరి, తొడ భాగం 180 దాకా వెళితే ఇంకా బాగుంటుంది. మేక మాంసంలో కొవ్వు తక్కువ. తొడను 250 నుంచి 275 డిగ్రీల మధ్య రెండున్నర గంటలు పొగలో ఉంచి, రంగు పట్టిన తరువాత కొంచెం ఉల్లిపాయ రసమో మిగిలిన మసాలానో పోసి రేకు కాగితంలో గట్టిగా చుట్టి, లోపల 195 దాటేవరకు మగ్గనివ్వాలి. చుట్టిన తరువాత పొగతో పని లేదు, పొయ్యి ఏదైనా ఒకటే. ఈ రెండింటిలో ఒకదానికి ఎర్రటి నిప్పు, రెండవదానికి మొదటి రెండు మూడు గంటల మంచి పొగ కావాలి. రెండూ బొగ్గులు సులభంగా ఇచ్చేవే. చాలా పెల్లెట్ స్మోకర్లలో నిప్పుగిన్నెకు, మాంసానికి మధ్య కొవ్వు పట్టే రేకు అడ్డంగా ఉండడం వల్ల నేరుగా కాల్చడం కుదరదు. కొన్ని ఖరీదైన మోడళ్లలో మాత్రమే ఆ అడ్డును జరిపే ఏర్పాటు ఉంటుంది.

కాబట్టి మీ మరిది మాట వైపే నేను మొగ్గుతున్నాను, కాని ఆయన చెప్పిన కారణంతో కాదు. కెటిల్ అని పిలిచే 22 అంగుళాల గుండ్రటి బొగ్గుల పొయ్యి ఒకటి కొనండి. 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ కర్మాగారంలో నీటిపై తేలే బోయాలకు వాడే ఇనుప గోళాన్ని సగానికి కోయించి తయారుచేసిన ఈ పొయ్యి రూపం నేటికీ పెద్దగా మారలేదు, మార్చవలసిన అవసరమూ రాలేదు. రెండు వందల డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది, బొగ్గులను ఒక పక్కకు నెట్టి మాంసాన్ని రెండవ పక్కన ఉంచితే స్మోకర్‌గా, బొగ్గులు పరిచితే నేరుగా కాల్చే పొయ్యిగా పనిచేస్తుంది. పదిహేను మందికి రెండు మేక తొడలు ఒకేసారి కావాలంటే మాత్రం అదే కంపెనీ అమ్మే, లోపల నీటిగిన్నె ఉండే నిలువు స్మోకర్ నయం. కాస్త నమ్మదగిన పెల్లెట్ స్మోకర్‌కు నాలుగైదు వందల డాలర్లతో మొదలుపెట్టి రెండు వేలు దాటే దాకా ధరలున్నాయి. దానికి కరెంటు కావాలి, కాబట్టి వంట మధ్యలో కరెంటు పోతే నిప్పు ఆరిపోతుంది. మూడు నాలుగేళ్లకు మోటారో, అంటించే కడ్డీయో మార్చవలసి రావచ్చు.

అయితే వంట చేసేదీ, వచ్చినవారిని పలకరించేదీ, పిల్లలను చూసుకునేదీ మీ ఇంట్లో ఒకే మనిషి అయితే పైన రాసినదంతా పక్కన పెట్టి పెల్లెట్ స్మోకరే తీసుకోండి. బొగ్గుల పొయ్యి దగ్గర ఎవరో ఒకరు మనసు పెట్టి నిలబడాలి. మీ మరిది వాదించడంతో పాటు నిలబడతాడా అన్నది కొనేముందు తేల్చుకోవలసిన విషయం.

ప్రశ్న: గత ఏడాది పెల్లెట్ స్మోకర్ కొన్నాను. వేడి చక్కగా నిలుస్తుంది, మాంసం ఉడుకుతుంది, కాని ఓవెన్‌లో వండినట్టే ఉంటుంది, పొగవాసన రాదు. ఒకసారి మాత్రం లోపల గులాబీరంగు కనిపించి, ఉడకలేదని మా ఇంట్లోవారు తినలేదు.
ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరొలైనా

జవాబు: మీరు తినకుండా వదిలిన ఆ రోజే బహుశా మీ వంట బాగా కుదిరి ఉంటుంది. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థంతో కలిసి, ఎంత ఉడికినా పోని గులాబీరంగును ఏర్పరుస్తాయి. అది అంచునుంచి పావు అంగుళం లోతు వరకు వలయంలా కనిపిస్తే పొగ గుర్తు. నడిమధ్యన, ఎముక పక్కన ఉంటే మాత్రం రంగును నమ్మకుండా థర్మామీటరు గుచ్చి చూడండి. పదిహేను డాలర్ల ఆ పరికరం లేకుండా ఏ స్మోకర్ కొన్నా సగం డబ్బు వృథా.

పొగ పెరగాలంటే మొదటి గంటన్నర, రెండు గంటలు వేడిని 180 నుంచి 200 డిగ్రీల మధ్య ఉంచి, తరువాత పెంచండి. తక్కువ వేడిలో నిప్పు కొంత మందగించి పొగ ఎక్కువ వస్తుంది. మాంసాన్ని ఫ్రిజ్‌నుంచి తీసి నేరుగా పెట్టండి, ఎందుకంటే చల్లని, తడి ఉన్న ఉపరితలానికే పొగ బాగా అంటుకుంటుంది. మన మసాలా ముద్దను మందంగా పూస్తే పొగ ఆ పూత మీదనే ఆగిపోతుంది. రాత్రంతా నానిన తరువాత, పొయ్యిలో పెట్టేముందు పైపైన తుడిచివేయడం మేలు. ఇవి చాలకపోతే పెల్లెట్లు నింపి ఒక కొనలో అంటించి పక్కన ఉంచే చిల్లుల గొట్టం దొరుకుతుంది. అందులో ఫ్యాన్ గాలి నేరుగా తగలదు కాబట్టి గుళికలు రాజుకుంటూ నాలుగైదు గంటలు పొగ వస్తుంది. సంచి మీద 'మెస్కిట్' అనో 'చెర్రీ' అనో రాసి ఉన్నా, లోపల ఎక్కువ భాగం ఓక్ లేదా ఆల్డర్ పొట్టు ఉండవచ్చు, సంచి వెనుక అక్షరాలు చదివి నూటికి నూరు పాళ్లు అదే కర్ర అన్నదాన్ని కొనండి. ఇళ్లు వెచ్చచేసే పొయ్యిలకు అమ్మే పెల్లెట్లు ఎంత చవకైనా వంటకు వాడకూడదు.

తొట్టిలో మిగిలిన గుళికలను వంట ముగిశాక తీసి మూత ఉన్న డబ్బాలో పోసుకోండి. ఒక చలికాలం నేను బద్ధకించి అలాగే వదిలేశాను. అవి చెమ్మ పీల్చి నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి, తరువాత ఆ మరలోనే రాయిలా గట్టిపడ్డాయి. ఒక ఆదివారమంతా స్క్రూడ్రైవరుతో పొడుచుకుంటూ కూర్చున్నాను. నిప్పుగిన్నెలో బూడిద పేరుకుపోయినా గుళికలు సరిగా అంటుకోవు, రెండు మూడు వంటలకు ఒకసారి ఊడ్చివేయాలి.

ప్రశ్న: ఎడిసన్‌లో టౌన్‌హౌస్‌లో ఉంటున్నాము. వెనుక చిన్న చెక్క డెక్ ఉంది. వాన వచ్చినప్పుడు గ్యారేజీ తలుపు తెరిచి పెట్టి లోపల వండుకోవచ్చా?
ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వండకూడదు. తలుపు ఎంత తెరిచి ఉన్నా వండకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, కాబట్టి పొగ కనిపించడం లేదన్న ధైర్యం పనికిరాదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు చలికి తాళలేక బొగ్గుల పొయ్యిలను ఇంట్లోకి తెచ్చుకున్నవారు ఆ వాయువు బారినపడి ఆసుపత్రుల పాలయ్యారు. పెల్లెట్ స్మోకర్ కరెంటుతో నడుస్తుంది కదా అనుకోవద్దు, అందులో కాలేదీ కర్రే.

డెక్ విషయానికి వస్తే, అమెరికాలో అనేక ప్రాంతాలు అనుసరించే అంతర్జాతీయ ఫైర్ కోడ్ ప్రకారం, కాలే స్వభావమున్న బాల్కనీల మీద గాని, అటువంటి కట్టడానికి పది అడుగుల లోపల గాని బొగ్గుల పొయ్యిలను వాడకూడదు. ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకు ఆ కోడ్‌లోనే మినహాయింపు ఉన్నా, గోడలు కలిసిన టౌన్‌హౌస్‌ల సంగతి ఊరినిబట్టి, హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, నియమాలనుబట్టి మారుతుంది. కొనకముందే ఆ రెండింటినీ రాతపూర్వకంగా కనుక్కోండి. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో పూర్తిగా ఆరిపోయే దాకా ఉంచాలి, చల్లారినట్టే కనిపించే బూడిదలో మరునాటికి కూడా నిప్పు దాగి ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారు శాకాహారి. మాంసం వండిన స్మోకర్‌లో కాల్చిన వంకాయ ఆమె ముట్టరు. జాలీ మార్చి, శుభ్రంగా కడిగి పెడితే సరిపోతుందా?
ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: సరిపోతుందో లేదో నిర్ణయించవలసింది మీ అత్తగారు, మీరు గాని నేను గాని కాదు. నిజం చెప్పాలంటే ఆమె సందేహంలో అర్థముంది. జాలీ మార్చినా, మూత లోపలి గోడలకు అంటిన కొవ్వు, మసి అలాగే ఉంటాయి, వేడెక్కినప్పుడు వాటి వాసన వంకాయకు పడుతుంది. యాభై డాలర్ల ప్రాంతంలో పద్నాలుగు అంగుళాల చిన్న బొగ్గుల పొయ్యి దొరుకుతుంది. దానిని ఆమె కుంపటిగా విడిగా ఉంచండి. వంకాయకు కావలసింది ఎలాగూ పొగ కన్నా నిప్పే. గుండ్రటి పెద్ద వంకాయకు నూనె రాసి, రెండు మూడు గాట్లు పెట్టి, నేరుగా బొగ్గుల మీదనే పడవేసి తిప్పుతూ, తోలు పెళుసుబారి లోపలి గుజ్జు కుంగే దాకా కాల్చితే వచ్చే పచ్చడి రుచి రెండు వేల డాలర్ల పెల్లెట్ స్మోకర్‌లో రాదు. మొక్కజొన్న పొత్తులూ అంతే.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో స్మోకర్ వంట రుచి చూసి వచ్చాను. హైదరాబాదు శివారులో మాకు ఇంటి వెనుక ఖాళీ స్థలం ఉంది. అక్కడి నుంచి పెల్లెట్ స్మోకర్ తెప్పించుకోవడం మంచిదేనా?
ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: తెప్పించుకోవద్దు. అమెరికా మోడళ్లు 120 వోల్టులతో నడిచేవి, మన 230 వోల్టులకు తగిలిస్తే మొదటి రోజే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా వంటకు పనికివచ్చే పెల్లెట్ల కోసం ప్రతిసారీ వెదకవలసి వస్తుంది. ఇక్కడ ఫ్యాక్టరీ బాయిలర్లకు అమ్మే బయోమాస్ పెల్లెట్లు వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, పంట వ్యర్థాలతో చేసినవి, వాటి మీద ఆహారం వండరాదు.

మీకు దగ్గరలోనే అంతకన్నా మంచి సరుకు ఉంది. టెక్సస్‌వారు గొప్పగా చెప్పుకునే మెస్కిట్ కర్ర, మన చెరువు గట్ల మీద, బీడు భూములలో ముళ్లతో అల్లుకుపోయి రైతుల చేత తిట్లు తినే సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబపు, ఒకే జాతి వర్గపు చెట్లు. మన దగ్గర అమ్మే బొగ్గులో చాలా భాగం ఆ తుమ్మదే. అది గట్టిగా, వేడిగా కాలుతుంది. బొగ్గుకు దానిని వాడి, పొగ కోసం పైన మామిడి లేదా జామ కర్రముక్కలు రెండు మూడు వేయండి. తుమ్మను బొగ్గుగా కాక కట్టెగానే పొగకు వాడితే ఘాటు ఎక్కువవుతుంది, మేక మాంసానికి ఒక ముక్క చాలు, కోడికి అదీ వద్దు. చింత కట్టె నిప్పు ఎంతసేపు నిలుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. వేప చేదు, జామాయిల్‌లో నూనె, ప్లైవుడ్‌లోనూ రంగు వేసిన చెక్కలోనూ విషం ఉంటాయి కాబట్టి వాటిని పొయ్యి దరికి రానివ్వకండి. కట్టె ఏదైనా నీడలో కనీసం ఆరు నెలలు ఆరి ఉండాలి. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టినప్పుడు మొద్దు చప్పుడు కాకుండా ఖణేల్‌మని మోగితే ఆరినట్టు లెక్క.